సాలూరు దారులకు ఒక సైకిల్

సాలూరు లారీల ఊరు. విజయనగరం నుంచి కోరాపుట్, రాయపూర్ వైపు పోయే జాతీయ రహదారి మీద ఉంది. ఆ రహదారి పాతవాళ్ల నోట ఇంకా 43, బోర్డుల మీద 26. బాడీలు కట్టే షెడ్లు, టైర్ల దుకాణాలు, పట్టీలు సరిచేసే కొలుములు ఈ ఊరి బతుకుతెరువు. రోడ్డంటే ఏమిటో, బండి మీద రోడ్డు ఏం చేస్తుందో తెలిసిన జనం ఇక్కడ చాలామంది ఉన్నారు. ఇలాంటి ఊరి నుంచి తెల్లవారుజామున సైకిలెక్కి, తారు రోడ్డూ మట్టి బాటా కొండ దారీ కలుపుకుంటూ నూరు, నూటయాభై కిలోమీటర్లు మంచి వేగంతో చుట్టి రావాలనుకుంటే ఎలాంటి సైకిల్ కొనాలి? ఈ అధ్యాయం దాని గురించే.

దుకాణానికి పోతే ముందు ఫ్రేము చూపిస్తారు. కార్బనా, అల్యూమినియమా, బరువెంత, గేర్లెన్ని అని మాట మొదలవుతుంది. ఈ వరస తలకిందులని నా గట్టి నమ్మకం. ఇక్కడి నేల మీద వేగాన్ని ముందుగా తేల్చేది టైరు, అందులో ఉన్న గాలి. తర్వాత గేరు, ఆ తర్వాత బ్రేకు. సైకిల్ బరువు చిట్టచివర. ఎందుకో లెక్కతో సహా చూద్దాం. ముందు నేల సంగతి.

ఊరు సముద్రమట్టానికి సుమారు 120 మీటర్ల ఎత్తులో ఉంది. పడమటి కొండలెక్కి ఒడిశాలోకి పోతే కోరాపుట్ పట్టణం దాదాపు 870 మీటర్ల ఎత్తు. ఈ రెంటి మధ్య సుంకి వైపు ఘాట్ రోడ్డు. తూర్పున రామభద్రపురం, బొబ్బిలి వైపు చదును నేల. ఉత్తరాన మక్కువ, దక్షిణాన పాచిపెంట మండలాల్లో పొలాల మధ్య పంచాయతీ రోడ్లు, కాలువ గట్లు, జీడితోటల్లోంచి పోయే ఎర్రమట్టి బాటలు. పాచిపెంట కొండల్లో పుట్టిన వేగావతి ఊరి పక్కనే పారుతుంది. దాన్లో కలిసే గెడ్డల మీద వంతెనలు లేని చోట్లు కొండ దారుల్లో తగులుతూనే ఉంటాయి. ఇక కొండ మీది ఊళ్లకు వేసే రోడ్లు దశలవారీగా వస్తాయి: ముందు మట్టి పని, దాని మీద గ్రావెల్, దాని మీద మెటల్ కంకర, చివరికి తారు. ఏ దశలో ఆగితే ఆ దశే ఏళ్ల తరబడి జనం నడిచే రోడ్డవుతుంది. ఒకే రోజు ప్రయాణంలో ఈ నాలుగు దశలూ మన చక్రం కిందికి వస్తాయి.

వానలు వెలిసిన తర్వాత అలాంటి గ్రావెల్ బాట మీద వంగి ఒక గుప్పెడు తీసి చూడండి. ఈ కొండల్లో ఎక్కువ భాగం ఖోండలైటు రాయి. కలహండి ప్రాంతంలో పనిచేసిన భూగర్భ శాస్త్రవేత్త వాకర్, 1902లో అక్కడి ఖోండు తెగ పేరునే ఆ రాయికి పెట్టాడు. అందులో క్వార్ట్జు, ఫెల్‌స్పార్, గార్నెట్, సిల్లిమనైట్ ఖనిజాలు ఉంటాయి. ఫెల్‌స్పార్ వేల ఏళ్ల వాన నీటికి మెత్తబడి బంకమన్నవుతుంది. ఇనుము తుప్పుపట్టి ఎరుపెక్కుతుంది. క్వార్ట్జు మాత్రం చెక్కు చెదరదు. వానాకాలం మన్నును కడిగేసుకుపోగా బాట మీద మిగిలేది అదే: తెల్లటి, అంచులు పదునైన క్వార్ట్జు ముక్కలు, వాటి మధ్య వైను రంగులో మెరిసే గార్నెట్ రేణువులు. అరచేతిలో రుద్దితే గుచ్చుకుంటాయి. కింద గట్టి మన్ను, పైన వదులు గులక, అంటే టైరుకు పట్టు దొరకడం కష్టమూ, కోత పడటం తేలికానూ. మెటల్ దశలో ఆగిన రోడ్డయితే ఇంకా కఠినం. క్రషర్ నుంచి వచ్చిన నల్లరాయి కంకరకు అన్ని వైపులా అంచులే. టైరు అడుగు మందంగానే ఉంటుంది, పక్క గోడ పలచన. కంకర కోసేది ఆ పక్క గోడనే.

కంకర రోడ్డుకు శాస్త్రం చెప్పినవాడు స్కాట్లండ్‌కు చెందిన జాన్ మకాడమ్. రెండు వందల ఏళ్ల కిందట బండి చక్రాల ఇనప పట్టీ వెడల్పును చూసి, దాని కన్నా చిన్న రాళ్లు పరిస్తే చక్రం బరువుకు అవి ఒకదానిలో ఒకటి ఇరుక్కుని గట్టిపడతాయని చూపించాడు. అంటే ఆ రోడ్డు ఇనప చక్రం కోసం పుట్టింది. రబ్బరు టైర్లతో వేగంగా పోయే మోటారు బండ్లు వచ్చాక రాళ్ల మధ్య పొడి పైకి లేచిపోయి, రాళ్లు వదులై, దాన్ని అదిమి పట్టడానికి తారు కావలసి వచ్చింది. కొండల్లో తారు దాకా రాని రోడ్డు మనకు ఆ పాత సమస్యనే అప్పగిస్తుంది.

మూడు బలాలు

సైకిల్ తొక్కేవాడి కాళ్ల శక్తిని తినేసేవి ప్రధానంగా మూడు. ఎదురయ్యే గాలి, ఎక్కాల్సిన ఎత్తు, టైరు దొర్లడంలో పోయే నష్టం. మనిషి, సైకిల్, నీళ్లు, సామాను అన్నీ కలిపి 90 కిలోలు అనుకుందాం. మంచి తారు రోడ్డు మీద, గాలి వీచని పొద్దున, గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోతుంటే గాలిని చీల్చడానికి సుమారు 67 వాట్లు, టైర్లు దొర్లడానికి సుమారు 30 వాట్లు పడతాయి. అలవాటున్న మనిషి ఈ నూరు వాట్లను గంటల తరబడి ఇవ్వగలడు.

అదే వేగంతో గ్రావెల్ బాట మీదికి దిగండి. గాలి లెక్క మారదు. దొర్లుడు నష్టాన్ని కొలిచే గుణకం తారు మీద 0.005 ఉంటే గ్రావెల్ మీద 0.015 దాకా పోవచ్చు. ముప్పై వాట్లు కాస్తా తొంభై దాటుతాయి. ఇప్పుడు పెద్ద శత్రువు గాలి కాదు, కింద నేల. రోడ్డు సైకిళ్లవాళ్లు హ్యాండిల్ మీదికి వంగి గాలిని తప్పించుకోవడంలో పెట్టే శ్రద్ధను ఇక్కడ టైరు మీద పెట్టాలి.

ఘాట్ మీద మూడో లెక్క. 6 శాతం వాలు మీద గంటకు 10 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి, ఎత్తు ఒక్కదానికే 147 వాట్లు కావాలి. గాలికి నాలుగైదు వాట్లు చాలు. ఈ లెక్క చూసే చాలామంది తేలిక సైకిల్ కోసం రెట్టింపు డబ్బు పెడతారు. ఒక కిలో తగ్గితే ఏమవుతుందో చూద్దాం. 750 మీటర్ల ఎత్తు ఎక్కడానికి ఈ వేగంతో గంటా పావు పడుతుంది. కిలో తగ్గితే మిగిలేది దాదాపు 50 సెకన్లు. శక్తిలో చెప్పాలంటే ఏడున్నర కిలోజౌళ్ల లోపు. అదే మనిషి ఆ రోజు 40 కిలోమీటర్ల గ్రావెల్ తొక్కి, సరైన టైరుతో, సరైన గాలితో ఆ గుణకాన్ని 0.015 నుంచి 0.012కు దించగలిగాడనుకోండి. మిగిలేది 106 కిలోజౌళ్లు, పద్నాలుగు రెట్లు. దీనికి పెట్టాల్సిన ఖర్చు రెండు మంచి టైర్లు, ఒక గాలి మీటరు.

టైరులో ఏం జరుగుతుంది

1887 చివర్లో ఉత్తర ఐర్లండ్‌లోని బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయిడ్ డన్‌లప్, కొడుకు మూడు చక్రాల బండి కోసం ఒక చెక్క చక్రానికి గాలి నింపిన రబ్బరు గొట్టం చుట్టాడు. దాన్నీ, గట్టి రబ్బరున్న పాత చక్రాన్నీ పెరట్లో దొర్లించి చూశాడు. పాతది మధ్యలోనే పడిపోయింది. గాలిది పెరడంతా దాటి గేటుకు కొట్టుకుని వెనక్కి తిరిగింది. మరుసటి ఏడు పేటెంటు వచ్చింది. 1889లో విలియం హ్యూమ్ అనే సైకిల్ పందెగాడు ఆ టైర్లతో బెల్‌ఫాస్ట్ పందేల్లో దిగితే, లావు టైర్లను చూసి నవ్వినవాళ్ల కళ్ల ముందే పందేలు గెలిచాడు. మెత్తనిది వేగంగా పోతుందన్న సంగతి అప్పుడే రుజువైంది. అయినా ఆ తర్వాత దాదాపు నూరేళ్లు పందెం సైకిళ్లు సన్నటి, రాయిలా బిగిసిన టైర్ల వెంటే పడ్డాయి.

అలా పడటానికి కారణం ఉంది. నున్నటి డ్రమ్ము మీద టైరును దొర్లించి కొలిస్తే గాలి పెంచినకొద్దీ నష్టం తగ్గుతూనే కనిపిస్తుంది. నేలను తాకిన చోట టైరు వంగుతుంది, దాటగానే మళ్లీ సాగుతుంది. వంచడానికి పట్టిన శక్తి అంతా రబ్బరు తిరిగి ఇవ్వదు, కొంత వేడిగా పోతుంది. గాలి పెరిగితే వంపు తగ్గుతుంది, నష్టమూ తగ్గుతుంది. ఇంతవరకు నిజమే. కానీ డ్రమ్ము మీద మనిషి కూర్చోడు, రాళ్లూ ఉండవు.

పాచిపెంట బాట మీద ఒక సెంటీమీటరు ఎత్తు రాయి తగిలిందనుకుందాం. బిగిసిన టైరు వంగదు, కాబట్టి ఆ రాయి చక్రాన్నీ, చక్రం మీద ఉన్న బరువునూ పైకి ఎత్తుతుంది. ఒక చక్రం మీద 45 కిలోల భారం ఉంటే అది 4.4 జౌళ్ల పని. సెకనుకు ఐదు రాళ్లు తగిలితే ఒక్కో చక్రానికి 22 వాట్లు, రెండింటికీ 44. రాయి దిగేటప్పుడు ఈ శక్తి ముందుకు తోసే బలంగా తిరిగి వస్తే బాగుండేది. చాలా వరకు రాదు. చేతుల్లో, నడుములో, తొడల్లో ఉన్న మెత్తని కండను కదిలించి వేడిగా మారిపోతుంది. ఒళ్లు హూనమైందని మనం చెప్పుకునేది ఈ శక్తి గురించే. వెడల్పాటి టైరులో గాలి కాస్త తగ్గిస్తే ఆ రాయి టైరులోకి దిగబడుతుంది, మనిషి పైకి లేవడు. పనయ్యాక రబ్బరు, గాలి కలిసి ఎక్కువ భాగం శక్తిని తిరిగి ఇస్తాయి.

అందుకే గాలి పెంచుతూ పోతే నష్టం ఒక హద్దు దాకా తగ్గి, అక్కడి నుంచి ఒక్కసారిగా పెరుగుతుంది. నున్నటి తారు మీద ఆ హద్దు ఎక్కువ గాలి దగ్గర ఉంటుంది. గరుకు తారు మీద కిందికి దిగుతుంది, గ్రావెల్ మీద ఇంకా కిందికి. హద్దుకు కాస్త కింద ఉంటే పోయేది ఒకటి రెండు వాట్లు. కాస్త పైన ఉంటే పోయేది చాలా ఎక్కువ. అనుమానం వస్తే గాలి తగ్గించడమే మేలు.

ఎంత వెడల్పు? టైరు గోడ మీద పడే బిగువు, లోపలి ఒత్తిడిని టైరు వ్యాసార్ధంతో గుణించినంత ఉంటుంది. 25 మిల్లీమీటర్ల టైరులో 90 పీఎస్‌ఐ కొడితే గోడకు వచ్చే బిగువు, 40 మిల్లీమీటర్ల టైరులో 56కే వస్తుంది. లావు టైరును బొటనవేలితో నొక్కి "గాలి లేదు" అనుకోవడం చాలామందికి అలవాటు. ఆ లెక్క తప్పు. 40 మిల్లీమీటర్ల టైరు, 70 కిలోల చుట్టుపక్కల మనిషి, ట్యూబ్‌లెస్ అయితే ముందు 32, వెనక 36 దగ్గర మొదలుపెట్టవచ్చు. ట్యూబు ఉంటే నాలుగైదు పెంచాలి, లేకపోతే రాయికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి. ఎండాకాలం ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. తెల్లవారి 20 డిగ్రీల చల్లదనంలో 40 పీఎస్‌ఐ కొట్టిన టైరు, మధ్యాహ్నం రోడ్డు మీద 50 డిగ్రీలకు వేడెక్కితే 45 దాటుతుంది.

సాలూరు పరిసరాలకు నా ఎంపిక 40 నుంచి 45 మిల్లీమీటర్లు. మధ్యలో నున్నగా, భుజాల మీద చిన్న గుబ్బలున్న నమూనా. లోతైన గుబ్బలు మెత్తటి నేలలోనే పనికొస్తాయి. గట్టి మన్ను మీద వదులు గులక ఉన్నచోట అవి పట్టు పెంచవు, తారు మీద మాత్రం ప్రతి గుబ్బా వంగుతూ శక్తి తింటుంది. పక్క గోడకు అదనపు పొర ఉన్న రకం తీసుకుంటే ఓ యాభై, నూరు గ్రాములు పెరుగుతాయి, కంకర మీద అది పనికొచ్చే బరువు. ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంటు తుమ్మముల్లు చేసే చిల్లుల్ని దానంతట అదే పూడుస్తుంది. కంకర కోసిన గాటుకు అది చాలదు. టైరు లోపల అతికించే ముక్క ఒకటి, ఒక ట్యూబు వెంట ఉండాలి.

రోడ్డు మీద లేచే అలల మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఎండిన గ్రావెల్ మీద ఆటోలు, ట్రాక్టర్లు, జీపులు తిరిగితే కొన్నాళ్లకు రోడ్డుకు అడ్డంగా, సమాన దూరాల్లో గీరలు లేస్తాయి. బండి స్ప్రింగుల వల్లే ఇవి వస్తాయని చాలాకాలం అనుకున్నారు. పరిశోధకుడు కీత్ మేథర్ 1960ల్లో చేసిన ప్రయోగాల్లో స్ప్రింగు లేని మామూలు చక్రం కూడా ఇసుకలో ఇవే అలలు లేపింది. 2007లో టాబర్లే, మోరిస్, మెక్‌ఎల్వైన్ అనే పరిశోధకులు గుండ్రటి ఇసుక పళ్లెం మీద చక్రాన్ని తిప్పి, ఒక హద్దు వేగం దాటితేనే అలలు మొదలవుతాయని తేల్చారు. ఆ హద్దు కన్నా నెమ్మదిగా పోతే రోడ్డు చదునుగా ఉంటుంది, కానీ అంత నెమ్మదిగా ఎవరూ పోరు. సైకిల్‌వాడికి దీన్నుంచి వచ్చే పాఠం: అలలు చక్రాలు ఎక్కువ తిరిగే జాడలోనే ఎక్కువ. రోడ్డు అంచు దగ్గర ఒక అడుగు వెడల్పు చదును దాదాపు ఎప్పుడూ మిగులుతుంది, మనకు ఆ అడుగు చాలు. ఆ అడుగులో నిలకడగా పోగలిగే సైకిల్ కావాలి. స్టీరింగ్ సంగతి దగ్గర మళ్లీ దీనికి వద్దాం.

పాలక్యాన్ల సైకిల్

గ్రావెల్ సైకిల్ అన్న పేరు కొత్తది. అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియాలో 2006లో మొదలైన 200 మైళ్ల పందెం దానికి ఊపునిచ్చింది. షిమానో కంపెనీ ప్రత్యేకంగా గ్రావెల్ కోసం గేర్ల సెట్టు తెచ్చింది 2019లో. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం ప్రపంచ పోటీ పెట్టింది 2022లో. పని మాత్రం పాతదే. 1897 జూన్ 14న అమెరికా సైన్యంలోని 25వ పదాతి దళం నుంచి ఇరవైమంది నల్లజాతి సైనికులు మోంటానాలోని ఫోర్ట్ మిసూలా నుంచి సైకిళ్ల మీద బయల్దేరి, కొండలూ బురదా ఇసుకా దాటి, జులై 24న సెయింట్ లూయిస్ చేరారు. 1,900 మైళ్లు, గేర్లు లేని సైకిళ్లు, వెనక మూటాముల్లె.

మన దగ్గరా అంతే. పాలక్యాన్లు, కట్టెలమోపులు, సంతకు పోయే బస్తాలు మోసిన నల్ల సైకిల్‌ను ఒకసారి కొలతలతో చూడండి. దాని టైరు 28 ఇంటూ ఒకటిన్నర. మిల్లీమీటర్లలో 40. ఈనాడు గ్రావెల్ సైకిల్‌కు ఏ వెడల్పు మంచిదని ప్రపంచమంతా తేల్చుకుంటోందో అదే వెడల్పు. ముందు ఫోర్కు బాగా వాలి ఉంటుంది, చక్రాల మధ్య దూరం ఎక్కువ, అందువల్ల గతుకుల్లో హ్యాండిల్ చేతిలోంచి జారదు. మట్టి రోడ్ల కోసం పుట్టిన సైకిల్ అది. దాన్ని చూసి నేర్చుకోవలసింది చాలా ఉంది.

అది ఓడిపోయేది రెండు చోట్ల. ఒకటి ఎగువన, ఒకటి దిగువన.

ఎగువన అడ్డం పడేది గేరు. ఆ సైకిల్‌లో పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం సుమారు రెండున్నర చుట్లు తిరుగుతుంది, అంటే అయిదున్నర మీటర్లు. కొండ ఊరి రోడ్డు 10 శాతం వాలు ఉంటే మామూలు మనిషి పోగలిగేది గంటకు ఏడు కిలోమీటర్లు. ఆ వేగంలో పెడల్ నిమిషానికి 21 చుట్లే తిరుగుతుంది. ఒక్కో తొక్కుకూ ఒళ్లంతా బరువు మోపాలి. అందుకే అందరూ దిగి తోస్తారు. కండరం శక్తి ఇవ్వాలంటే బలం ఎంత ముఖ్యమో వేగమూ అంత ముఖ్యం. ఎక్కేటప్పుడు నిమిషానికి 60 చుట్లకు తగ్గితే మోకాళ్ల మీద భారం పెరిగి, గంటలో కాళ్లు కట్టెలైపోతాయి.

మామూలు రోడ్డు సైకిల్‌లో ముందు 34 పళ్లు, వెనక 28 పళ్లు ఉంటే అదే వాలు మీద 46 చుట్లు వస్తాయి. చాలదు. గ్రావెల్ కోసం చేసిన సెట్లలో ముందు 30, వెనక 34 దొరుకుతుంది. ఒక చుట్టుకు 1.94 మీటర్లు, నిమిషానికి 60 చుట్లు. అంటే కొనేటప్పుడు చూడాల్సింది గేర్ల లెక్క కాదు. ముందు చిన్న పళ్లచక్రం వెనక పెద్ద పళ్లచక్రం కన్నా చిన్నదిగా ఉందా అన్నది చూడాలి. ఉంటే కొండ ఊళ్లకు పోవచ్చు. లేకపోతే చదును మీద ఎంత మెరిసినా సాలూరుకు అది సరైన సైకిల్ కాదు.

ముందు ఒకటే పళ్లచక్రమా, రెండా అన్న వాదన చాలా ఉంది. ఒకటి ఉంటే బురదకు చిక్కుకునే భాగం ఒకటి తగ్గుతుంది, చెయిన్ పడదు. కానీ గేరుకూ గేరుకూ మధ్య దూరం పెరుగుతుంది. బొబ్బిలి వైపు చదును రోడ్డు మీద గంటల తరబడి ఒకే తీరుగా తొక్కేవాడికి, ఒక గేరు మరీ బరువు, పక్కది మరీ తేలిక అనిపించడం విసుగు పుట్టిస్తుంది. పొడవాటి వేగపు ప్రయాణాలకు రెండే మేలంటాను. 46, 30 పళ్ల జత ముందు, 11 నుంచి 34 వెనక. పైన గంటకు 47 కిలోమీటర్ల దాకా పెడల్ అందుతుంది, కింద పది శాతం ఎక్కుతుంది.

దిగువన అడ్డం పడేది బ్రేకు. లారీ డ్రైవర్లు ఘాట్ దిగేటప్పుడు తక్కువ గేరులో దిగుతారు, ఇంజనే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు డ్రమ్ములు చల్లగా ఉంటాయి. సైకిల్‌కు ఆ వసతి లేదు. పెడల్ ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి ఎత్తులో దాచుకున్న శక్తి అంతా గాలికో బ్రేకుకో పోవాలి. 90 కిలోలతో 750 మీటర్లు దిగితే ఆ శక్తి 660 కిలోజౌళ్లు. రెండు లీటర్ల చన్నీళ్లను మరగబెట్టడానికి దాదాపు అంతే చాలు. వేగంగా దిగితే గాలి పెద్ద వాటా తీసుకుంటుంది. మలుపులు, ఎదురొచ్చే లారీలు, గులక ఉన్న ఘాట్‌లో మనం వేగంగా దిగలేం, అందుకని ఎక్కువ వేడి బ్రేకు మీదే పడుతుంది. రిమ్మును పట్టే బ్రేకయితే ఆ వేడి రిమ్ము లోపలి ట్యూబుకు చేరుతుంది. వానలో తడిసిన రిమ్ముకు పట్టు తగ్గుతుంది. పాత రాడ్ బ్రేకుల ఇనప రిమ్ము తడిస్తే ఆగడం దేవుడి దయ.

డిస్క్ బ్రేకు వేడిని టైరుకు దూరంగా, చక్రం మధ్యన పెడుతుంది. బురద రిమ్ముకు పట్టినా పని చేస్తుంది. ఆయిల్‌తో నడిచేవాటికి చేతి బలం తక్కువ పడుతుంది. గంటసేపు దిగేటప్పుడు వేళ్లు తిమ్మిరెక్కకపోవడం చిన్న విషయం కాదు. వైరుతో నడిచేవి చవక, ఏ మూలనైనా బిగించుకోవచ్చు. ఖర్చు భరించగలిగితే ఆయిల్‌వే తీసుకోండి. ఎత్తు దిగే ముందు ప్యాడ్ల మందం చూసుకోవడం మాత్రం ఏ రకానికైనా తప్పదు. ఎర్రమట్టిలోని క్వార్ట్జు పొడి తడిలో ప్యాడ్లను చాలా త్వరగా అరగదీస్తుంది.

ఫ్రేము, స్టీరింగ్, విడిభాగాలు

ఫ్రేము గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. టైరుకూ ఫ్రేముకూ మధ్య ఖాళీ ముఖ్యం. ఆగస్టులో ఎర్ర బంకమన్ను టైరుకు అంటుకుని ఫోర్కు దగ్గర ఇరుక్కుంటే చక్రం తిరగదు. 40 టైరు వేసుకునేవాళ్లు 45 పట్టే ఫ్రేము తీసుకోవాలి. లోహం సంగతికొస్తే, స్టీలు ఫ్రేమయితే ఎక్కడైనా వెల్డింగ్ చేయించుకోవచ్చన్న నమ్మకం ఉంది. అది సగమే నిజం. సాలూరులో వెల్డింగ్ తెలిసినవాళ్లకు కొదవ లేదు, కానీ లారీ చాసిస్ ఛానెల్ మీద పనిచేసే వేడికి మంచి సైకిల్ ఫ్రేములోని మిల్లీమీటరు కన్నా పలచని గొట్టం కాలి చిల్లు పడుతుంది. పలచని రేకుల పని చేసే మనిషిని వెతుక్కోవాలి. అల్యూమినియం చవకగా వస్తుంది, 40 టైరు కింద ఉంటే దాని బిరుసుదనం ఒంటికి తెలియదు. మిగిలిన డబ్బు టైర్లకూ చక్రాలకూ పెట్టడం తెలివైన పని.

ఇందాకటి ఒక అడుగు చదునుకు వద్దాం. హ్యాండిల్ తిరిగే ఇరుసును కిందికి గీతలా పొడిగిస్తే అది నేలను టైరు తాకే చోటుకు ముందు తగులుతుంది. ఈ దూరం ఎక్కువైతే సైకిల్ తనంతట తాను తిన్నగా పోవడానికి చూస్తుంది. పందెం రోడ్డు సైకిల్‌లో ఇది 55 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. ఫోర్కు కోణం 71 డిగ్రీలున్న గ్రావెల్ సైకిల్‌లో 70 దాకా వస్తుంది. కొనేముందు తయారీదారు ఇచ్చే కొలతల పట్టికలో ఫోర్కు కోణం చూడండి. 70కీ 72కీ మధ్య ఉంటే ఇటు వేగానికీ అటు నిలకడకూ సరిపోతుంది. హ్యాండిల్ ఎత్తు కూడా అక్కడే చూడాలి. గడువులోగా దూరం పూర్తిచేసే ఆడాక్స్ తరహా 200 కిలోమీటర్ల ప్రయాణానికి గడువు పదమూడున్నర గంటలు, అన్ని గంటలు మెడ ఎత్తి చూడగలిగే ఎత్తులో హ్యాండిల్ ఉండాలి.

చివరిది విడిభాగాలు. మన ఊళ్లలో ఏ సైకిల్ షాపులోనైనా 28 అంగుళాల టైరు దొరుకుతుంది. గ్రావెల్ సైకిల్ చక్రాన్నీ కొందరు 28 అనే అంటారు. రెండూ ఒకటి కావు. నల్ల సైకిల్ రిమ్ము మీద టైరు కూర్చునే చోట వ్యాసం 635 మిల్లీమీటర్లు, గ్రావెల్ సైకిల్‌కు 622. పదమూడు మిల్లీమీటర్ల తేడాతో ఆ టైరు ఎక్కినట్టే ఎక్కి ఊడిపోతుంది. దారిలో టైరు పోతే అడగాల్సింది 29 అంగుళాల గేర్ల సైకిల్ సరుకు, దానిదీ 622 మిల్లీమీటర్లే. వాల్వు మీ రిమ్ము రంధ్రంలో పడితే ట్యూబు సరిపోతుంది, టైరు మాత్రం మీ ఫ్రేములో ఎంత వెడల్పు పడుతుందో చూసుకోవాలి.

గాలి కొట్టించేటప్పుడు కూడా జాగ్రత్త. చాలా గ్రావెల్ సైకిళ్ల వాల్వు సన్నటి ప్రెస్టా రకం. రోడ్డు పక్క పంక్చర్ షాపు గొట్టం దానికి పట్టదు. ఇత్తడి అడాప్టర్ చిన్నది ఒకటి వాల్వుకే బిగించి ఉంచుకుంటే ఇబ్బంది తప్పుతుంది. లారీల ఊళ్లో కంప్రెసర్లు నూరు పీఎస్‌ఐ పైన నడుస్తాయి, సైకిల్ టైరు వాటి ముందు క్షణంలో నిండి పేలుతుంది. నాజిల్‌ను ముట్టించి తీసి, ముట్టించి తీసి నింపమనండి. ప్రతిసారీ మీ దగ్గరున్న మీటరుతో కొలిచి, ముందు 32, వెనక 36 రాగానే ఆపించండి.